ఓట్లన్నీ పళ్ళావిడ ఫోనుకే

మా వీధిలో అందరూ ఆవిడను పళ్ళావిడ అంటారు. కొత్తగా ఇల్లు మారి వచ్చినవాళ్ళు ఆ పేరు విని, ఆవిడ అరటిపళ్ళూ నారింజపళ్ళూ అమ్ముతుందనుకుని సంచీతో తలుపు తట్టిన సందర్భాలు నాకు తెలిసి మూడున్నాయి. ఆవిడ విసుక్కోదు. "ఉన్నాయి లోపల, రెండు వరుసలు. ముందు మీ నోరు చూడాలి," అంటుంది. ఆవిడ పని కట్టుడు పళ్ళు చేయడం. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపితే అందులో ప్లాస్టరు పోస్తుంది. దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, ఉడికించి, మెరుగుపెట్టి తిరిగి పంపుతుంది. నా కింది వరుస ఆవిడ చేసిందే. తొమ్మిదేళ్ళయింది, ఇంతవరకూ ఊగలేదు.

ఆ పని ఆవిడకు తండ్రి నుంచి వచ్చింది. పనితో పాటు ఆయన ఫోనూ వచ్చింది. ఇంటి ముందు గదిలో బల్ల చివర గోడకి ఆనించి ఉంటుంది. సెల్‌ఫోన్లు ఎన్ని వచ్చినా ఆవిడ ఆ నంబరు మార్చలేదు. పళ్ళ డాక్టర్లందరికీ అది కంఠతా వచ్చు, కొందరికి వాళ్ళ సొంత ఇంటి నంబరు కంటే బాగా వచ్చు.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా చీకటి గోతుల్లో తీగలు పట్టుకుని వేలాడే మనిషికి దేనికీ భయం ఉండదనుకుంటాం. ఆయనకు తీగలంటే భయం లేదు, మనుషులంటేనే. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోతాడు. ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఎనభై దాటాయి, చెవులు వినపడవు, టీవీ మోత మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది. ఆవిడకు ఆటల పిచ్చి. అన్ని ఆటల్లోకీ బరువులెత్తే అమ్మాయి ఒకతె అంటే మరీ ఇష్టం. ఆ ఏడాది ప్రపంచ పోటీల్లో బంగారు పతకం తెచ్చిన పిల్ల. "మిగతావాళ్ళు గెలవగానే గంతులేస్తారు. ఈ పిల్ల బరువు దించాక దానివైపు ఒక్కసారి చూస్తుంది, పనిచేసినవాళ్ళు చూసినట్టు," అనేది ముసలావిడ.

ఆ ఆదివారం సాయంత్రం టీవీలో ఆ ఏడాది మేటి క్రీడాకారుడి బహుమతి. ఆరుగురు పోటీలో ఉన్నారు. ఆరు నుంచి ఏడు దాకా చూసేవాళ్ళు ఫోన్లు చేసి ఓటు వెయ్యాలి, ఎవరి నంబరు వాళ్ళది. పళ్ళావిడ ముందు గదిలో ఒక రిటైరైన మాస్టారి పై వరుస కడుతోంది. ఆరూ అయిదు నిమిషాలకు ఫోను మోగింది.

"అమ్మా, నా ఓటు బరువులెత్తే అమ్మాయికి వేసుకోండి."

"ఏమిటండీ?"

"ఓటమ్మా, ఓటు."

"ఇది పళ్ళ ల్యాబండీ. నంబరు తప్పు," అని పెట్టేసింది. పెట్టిన చెయ్యి ఇంకా తీయకముందే మళ్ళీ మోగింది. మళ్ళీ అదే మాట, వేరే గొంతు. మూడోది ఒక ఆడమనిషి, వెనక పిల్లలు అరుస్తున్నారు. నాలుగో ఫోను ఎత్తబోతుంటే లోపలి గదిలోంచి అత్తగారి కేక.

"అమ్మాయ్! మన నంబరు టీవీలో వస్తోందే!"

"మన నంబరెందుకు వస్తుంది అత్తయ్యా?"

"వచ్చి చూడవే. నాకు చెవుడు గానీ గుడ్డితనం లేదు."

వెళ్ళి చూసింది. తెర కింద పట్టీలో ఆరు బొమ్మలు, ఆరు నంబర్లు. బరువులెత్తే అమ్మాయి బొమ్మ కింద ఉన్నది అక్షరాలా తన తండ్రి నంబరు. మిగతా అయిదింటినీ పోల్చి చూస్తే సంగతి అర్థమైంది. అన్నిటికీ మధ్యలో యాభై ఎనిమిది ఉంది. ఈ ఒక్కదానికే ఎనభై ఐదు పడింది. ఎవరో రెండంకెలు తిరగేసి కొట్టారు.

భర్త సెల్‌ఫోను లాక్కుని ఆ చానల్‌కి ఫోన్ చేసింది. మీ కాల్ మాకెంతో విలువైనది అని రికార్డు మొదలైంది. అది అయిదు నిమిషాలు అదే విలువ చెప్పింది. ఈలోగా ముందు గదిలో ఫోను మోగుతూనే ఉంది.

"వైరు పీకెయ్యరాదూ," అన్నాడు భర్త.

"పీకితే వాళ్ళకి మోత వినపడుతూనే ఉంటుందండీ. ఓటు పడిందనుకుని పెట్టేస్తారు."

"అనుకోనీ. మనకేం?"

ఆవిడ సెల్‌ఫోను ఆయన చెవికి ఆనించి, తాను వెళ్ళి బల్ల ముందు కూర్చుంది. ఎత్తిన ప్రతి ఫోనుకీ ఒకటే చెప్పింది: "టీవీలో నంబరు తప్పు వేశారండీ. మధ్యలో ఎనభై ఐదు కాదు, యాభై ఎనిమిది. మళ్ళీ చెయ్యండి." కొందరు థాంక్స్ చెప్పారు. ఎక్కువమంది నమ్మలేదు. "టీవీలో తప్పు వేస్తారా? నువ్వెవరు చెప్పడానికి? ఆ ఫుట్‌బాల్ వాడి మనిషివా?" అన్నారు. అప్పుడు ఆవిడకు ఇంకో ఆలోచన వచ్చింది. డాక్టర్ల పని చీటీల కట్ట తీసి, వాటి వెనక వైపున, ఫోను చేసినవాళ్ళ పేరు, నంబరు అడిగి రాయడం మొదలుపెట్టింది. ఏడు గంటలకు నూట నలభై మూడు చీటీలయ్యాయి. ఎత్తలేకపోయినవి ఎన్నో ఆవిడకే తెలియదు. ఒకటి పెట్టేలోగా ఇంకోటి మోగుతూనే ఉంది.

ఎనిమిది గంటలకు ఫలితం చెప్పారు. ఫుట్‌బాల్ ఆడే కుర్రాడికి మొదటి స్థానం. బరువులెత్తే అమ్మాయి ఆరుగురిలో ఆరోది. ఓట్లు మూడువందల పన్నెండు. కార్యక్రమం నడిపే మనిషి మొదట్లో ఒకసారి అందరి నంబర్లూ నోటితో సరిగ్గా చదివాడు. ఆ మూడువందలూ అది విని చేసినవాళ్ళవీ, పళ్ళావిడ మాట నమ్మినవాళ్ళవీ అయి ఉంటాయి. ఆ మనిషే ఇప్పుడు నవ్వుతూ, "చెల్లెమ్మ ఎత్తిన బరువుకి కిలోకి ఒక ఓటు చొప్పున వేశారండీ జనం, కొసరుతో సహా!" అన్నాడు. హాలంతా నవ్వింది. కెమెరా ఆ అమ్మాయి మొహం మీదికి వెళ్ళింది. ఆ పిల్ల కూడా చప్పట్లు కొట్టింది, పక్కవాళ్ళను చూసి. "ప్రజలు తీర్పు చెప్పేశారు," అని ముగించాడు.

పళ్ళావిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. పళ్ళు పటపట కొరికింది. పళ్ళ పని తెలిసినవాళ్ళు ఆ పని చెయ్యరు, దానివల్ల ఎంత అరుగుతాయో వాళ్ళకు తెలుసు. అత్తగారు రిమోటు తీసి టీవీ మీదికి విసిరింది. అది గురి తప్పి కొడుకు మోకాలికి తగిలింది.

మర్నాడు ఊరంతా అదే మాట. మంగలి షాపులో, బస్సులో, నేను రోజూ టీ తాగే చోట, ఎక్కడ చూసినా రెండు పార్టీలు. "బరువులెత్తే ఆడపిల్లకి ఎవడు ఓటేస్తాడయ్యా, అది చూసే ఆటా?" అనేవాళ్ళు ఒకవైపు. "ప్రపంచంలో మొదటిదాన్ని ఇంట్లో ఆఖరిదాన్ని చేశారు, సిగ్గులేదా?" అనేవాళ్ళు ఒకవైపు. నేను ఆ రోజు ఏమన్నానో దాచుకోను. "జనం వెయ్యలేదు, ఏం చేస్తాం," అన్నాను. తెలియక అన్నాను. తెలియకుండా ఎంత తేలిగ్గా అనేశానో తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఓటు వేసి మోసపోయామనుకున్నవాళ్ళకి కోపం చూపించడానికి ఒక మనిషి కావాలి. చానల్‌కి చేస్తే రికార్డు పలుకుతుంది. పళ్ళావిడకి చేస్తే మనిషి పలుకుతుంది. ఇంకేం కావాలి? "మా ఓటు మింగేశావు." "ఎంత తిన్నావో చెప్పు." "పేర్లు రాసుకున్నావు గదా, ఏం చేశావు ఆ పేర్లు?" ఎవరో ఆ నంబరును ఇంటర్నెట్‌లో పెట్టి, ఓట్లు మింగిన నంబరు ఇదే అని రాశారు. దాంతో అసలు ఓటే వెయ్యనివాళ్ళు కూడా తిట్టడానికి చేశారు. డాక్టర్లు చేస్తే ఎప్పుడూ ఎంగేజే. బుధవారానికి ఇద్దరు డాక్టర్లు అచ్చులు వేరే ల్యాబుకి పంపేశారు. ఒకాయన ఇరవై ఏళ్ళ నుంచి పనిస్తున్న మనిషి.

గురువారం ఆవిడ చానల్ ఆఫీసుకి వెళ్ళింది. భర్త గేటు దాకా వచ్చి, "నేనిక్కడే ఉంటాలే," అన్నాడు. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ కుర్చీ ఒకటి ఆయనకిచ్చి, ఇంకొకటి ఆవిడకు ఇవ్వబోయాడు. "నేను కూర్చోడానికి రాలేదు బాబాయ్," అని ఆవిడ లోపలికి నడిచింది.

ప్రేక్షకుల ఫిర్యాదులు చూసే అధికారి చాలా మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. పొట్టి గ్లాసులో కాదు, సాసరు ఉన్న కప్పులో. తన కంప్యూటరు ఆవిడ వైపు తిప్పాడు.

"చూడండమ్మా, ఆదివారం ప్రోగ్రామే ఇది. మీరే చదవండి నంబరు."

యాభై ఎనిమిది. శుభ్రంగా, తప్పు లేకుండా ఉంది.

"ఇది మార్చారు," అంది ఆవిడ.

"మార్చడమంటే చాలా పెద్ద మాటమ్మా. జనం హడావుడిలో తప్పు నొక్కి ఉంటారు."

"నా ఫోను గంటసేపు గుక్క తిప్పుకోలేదు సార్. అంతమంది వేళ్ళూ ఒకే చోట జారాయా?"

"ఒక్కోసారి అలా జరుగుతుందమ్మా." అని సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "మీకు ఇబ్బంది కలిగింది, మేం కాదనడం లేదు. కొత్త నంబరు మేమే ఇప్పిస్తాం. మీ అత్తగారికి టీవీ అంటే ఇష్టమని మీరే అన్నారు, గోడంత టీవీ పంపిస్తాం. ఇక్కడ ఒక్క సంతకం పెడితే సరిపోతుంది."

ఆవిడ చదివింది. ఆ సాయంత్రం తన ఫోనుకు వచ్చిన కాల్స్ వ్యక్తిగతమైనవనీ, వాటికీ చానల్‌కీ సంబంధం లేదనీ రాసి ఉంది.

"వ్యక్తిగతమా? ముక్కూ మొహం తెలియని వందలమంది ఆదివారం సాయంత్రం నాతో వ్యక్తిగతంగా ఏం మాట్లాడతారు సార్? మా ఆయన గేటు దగ్గరే ఉన్నాడు, పిలిచి ఈ ముక్క ఆయనకి చదివి వినిపిస్తారా?"

అధికారి నవ్వాడు. "మీకెందుకమ్మా ఈ వయసులో ఇంత కోపం?"

"ఏ వయసులో పడాలో చెప్పండి, రాసుకుంటాను." కాగితాన్ని ఆయన ముందుకే తోసింది. "నేను పళ్ళు కట్టేదాన్ని సార్, రాలగొట్టేదాన్ని కాదు. మీ అదృష్టం అది."

టీ ముట్టుకోకుండా బయటికి వచ్చింది. దారి పొడుగునా భర్త ఒక్కటే పాట. "టీవీ ఇస్తామన్నారుగా. తీసుకుని ఊరుకుంటే పోయేది. మనకెందుకొచ్చిన గోల?" ఇంటికొచ్చాక అత్తగారికి ఈ సంగతి గట్టిగా అరిచి చెప్పారు. ముసలావిడ అంతా విని, "గోడంత టీవీలో గోడంత వాళ్ళ మొహాలేగా చూడాలి. నాకొద్దు," అంది. కొడుకు చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

కానీ మరుసటి రోజు ఆయన చేసిన పని చెప్పాలి. టెలిఫోను ఆఫీసులో లిఫ్టు ఈయనే చూస్తాడు. అక్కడ మూడో అంతస్తులో ఎవర్ని అడగాలో కనుక్కుని, దరఖాస్తు తెచ్చి, తన చేతులతోనే నింపి భార్య చేత సంతకం పెట్టించాడు. "అడిగితే ఇస్తారట. మన నంబరేగా," అన్నాడు తలెత్తకుండా. వారం తిరిగేసరికి జాబితా వచ్చింది. ఆదివారం ఆరు నుంచి ఏడు లోపల ఆ ఫోనుకు ప్రయత్నించినవాళ్ళు నాలుగువేల రెండువందల పద్దెనిమిది మంది. ఫుట్‌బాల్ కుర్రాడికి వచ్చిన ఓట్లు మూడువేల తొమ్మిదివందలు.

జాబితా పట్టుకెళ్ళి చూపిస్తే చానల్ వాళ్ళు, "ఫోన్లు వచ్చాయంటే తెర మీద తప్పు పడిందని కాదుగా," అన్నారు. తెర మీద ఆ రోజు ఏం పడిందో చూపించేది ఒకటి కావాలి. ఆవిడ నూట నలభై మూడు చీటీలూ తీసి, మొదటి నుంచీ ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టింది. "నేను ఫలానా తప్పు నంబరు మనిషినండీ. ఆ రోజు మీరు టీవీకి ఫోటో గానీ వీడియో గానీ తీశారా?" పొద్దున మైనం కరిగే దాకా కొన్ని, మధ్యాహ్నం ప్లాస్టరు గట్టిపడే దాకా కొన్ని. సగం మంది పేరు వినగానే తిట్టారు. ఒకాయన పెళ్ళాన్ని పిలిచి ఆమె చేత కూడా తిట్టించాడు. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా వినేది. అయిపోయాక, "సరేనండీ, ఫోటో ఉందా లేదా?" అనేది.

తొంభై ఏడో చీటీ ఒక రిటైరైన సర్వేయరుది. ఆ ఆదివారం అందరికంటే ఎక్కువ నోరు పారేసుకున్న మనిషి. మళ్ళీ సోమవారం చేసి తిట్టాడు, మంగళవారం కూడా. ఆవిడ గొంతు వినగానే, "నువ్వా! ఇంకా సిగ్గు లేకుండా నువ్వే చేస్తున్నావా?" అన్నాడు.

"చేస్తున్నాను. ఫోటో తీశారా?"

"తీశాను. తియ్యక? నా కళ్ళకి ఆ చీమ తలకాయలంత అంకెలు కనపడతాయా? సెల్లుతో ఫోటో తీసి, పెద్దది చేసుకుని చూసి నొక్కాను."

పళ్ళావిడ చీటీ దగ్గరికి లాక్కుంది. "ఆ ఫోటో ఉందా అండీ?"

"ఉండకేం? తీసెయ్యడం నాకు రాదు."

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్ళింది. ఫోటోలో టీవీ ఉంది, తెర కింద పట్టీ ఉంది, ఎనభై ఐదు ఉంది, పక్కన గోడ మీద గడియారం ఆరూ పది చూపిస్తోంది. ఆయన దాన్ని పెద్దది చేసి, కళ్ళద్దాలు పైకెత్తి, చాలాసేపు చూశాడు. అప్పుడు ఆవిడ వైపు చూశాడు. "అయితే నువ్వు చెప్పింది నిజమేనా అమ్మా?" అన్నాడు. గొంతు తగ్గింది. "మూడుసార్లు తిట్టాను నిన్ను."

"నాలుగండీ. ఇందాకటిది కూడా కలుపుకోండి."

ఆవిడ ఇస్తే ఫోటో, టెలిఫోను జాబితా రెండూ ఒక పత్రికలో వచ్చాయి. ఆ పొద్దున నేను పేపరు పట్టుకుని ఆవిడ ఇంటికి పరిగెత్తాను. ఆవిడ మొహంలో గెలిచిన సంతోషం ఏమీ లేదు. "ఇప్పుడు జవాబు చెప్పాలి గదా వాళ్ళు," అని మాత్రం అంది. పదకొండు గంటలకల్లా చానల్ ముందు జనం పోగయ్యారు. మొదట నినాదాలు, తర్వాత గేటు ఊపడం, ఆ తర్వాత రాళ్ళు. అద్దాలు పగిలాయి. కోపం ఎవరి మీదైతే ఉందో వాళ్ళెవరూ ఆ అద్దాల వెనక లేరు, వెనక దారిన కార్లలో వెళ్ళిపోయారు. గేటు మూయబోయిన ముసలి వాచ్‌మన్‌కి రాయి తగిలింది. పై వరుసలో ముందు పళ్ళు రెండూ పోయాయి.

ఆ సంగతి తెలిశాక ఆవిడకు వచ్చినంత కోపం నేను ఎప్పుడూ చూడలేదు. సర్వేయరుకి ఫోన్ చేసింది. నేను అక్కడే ఉన్నాను.

"మీరు వెళ్ళారా అక్కడికి?"

"వెళ్ళాను."

"రాయి వేశారా?"

"ఛ, నేను వెయ్యలేదమ్మా."

"అరిచారా?"

"... అరిచాను."

"ఎవరి మీద? కుర్చీ ఇచ్చి కూర్చోమన్న మనిషి మీద. ఓటుకి నంబరు సరిగ్గా కనపడకపోతే ఫోటో తీసి మరీ చూసుకున్నారు గదా. రాయి ఎవరికి తగులుతుందో చూసుకోడానికి ఎవరికీ తీరిక లేకపోయిందా?" అని ఠక్కున పెట్టేసింది. ఫోనులో పడ్డ తిట్లన్నీ మింగిన మనిషి, ఆ రోజు సాయంత్రం దాకా మోగిన ఏ ఫోనూ ఎత్తలేదు.

విచారణ జరిగింది. చానల్ వాళ్ళు తప్పు ఒప్పుకున్నారు, కానీ దానికి పెట్టిన పేరు మానవ సహజమైన పొరపాటు. పళ్ళావిడ లేచి, "అంకెలు తిరగబడటం పొరపాటే. ఆ తర్వాత వీడియో దిద్ది నా చేత సంతకం పెట్టించుకోబోవడం ఏ సహజం సార్?" అని అడిగింది. విచారణ చేసేవాళ్ళు తర్వాతి కాగితం తిప్పారు. క్షమాపణ మాత్రం ఒకరోజు ఉదయం వాతావరణ వార్తల తర్వాత చదివారు. అత్తగారు గడియారం పెట్టి చూసింది, పదకొండు సెకన్లు. ఫలితం మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. ఫుట్‌బాల్ కుర్రాడు బహుమతి వెనక్కిస్తానన్నాడట, చానల్ వద్దందట. టీ ఇచ్చిన అధికారికి ఇంకా పెద్ద కుర్చీ వచ్చింది.

క్షమాపణ చదివిన వారానికి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. తిట్లు వినడానికి సిద్ధపడి ఎత్తింది ఆవిడ.

"అమ్మా, నేను బరువులెత్తే అమ్మాయిని."

"చెప్పమ్మా."

"నాలుగువేలమంది చేశారన్నారు. నిజంగానేనా? పేపర్లో పెంచి రాయలేదు గదా?"

"పెంచలేదు తల్లీ. నాలుగువేల రెండువందల పద్దెనిమిది. నేను మాట్లాడినవాళ్ళే నూట నలభై మూడు మంది. చెవి వాచిపోయింది."

"మూడు వారాలు ప్రాక్టీసుకి వెళ్ళలేదు అమ్మా," అంది ఆ అమ్మాయి. "ఎవరికీ అక్కర్లేనిదాన్ని ఎందుకెత్తాలి అనిపించింది. ఆ మనిషి కిలోకి ఒకటన్నాడు చూడండి, బస్సులో కూడా అదే అనేవారు నన్ను చూసి. నేను నవ్వేదాన్ని. ఎందుకు నవ్వానో తెలీదు. ఇప్పుడు వాళ్ళే ప్రత్యేక బహుమతి ఇస్తామంటున్నారు, స్టేజీ మీదికి రమ్మని. వెళ్ళనా?"

"నన్నడిగితే వద్దంటాను. కానీ నేనిప్పుడు కోపంలో ఉన్నాను, నా మాట పట్టుకోకు. నీకేమనిపిస్తోంది?"

"నాకూ కోపంగానే ఉందమ్మా."

"అయితే అది నీ కోపం. నీకు తోచింది చెయ్యి."

ఆ అమ్మాయి వెళ్ళలేదు. నాలుగు వేలమంది ఇచ్చింది నాకు చేరింది, మీరు ఇవ్వాల్సిందేమీ లేదు అని రెండు ముక్కలు రాసి పంపింది. ఆ తర్వాత పోటీల్లో నాలుగో స్థానం వచ్చింది. పత్రికలు మళ్ళీ రెండు పార్టీలయ్యాయి. ముసలావిడ మాత్రం ఆ పోటీ మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూసింది.

డాక్టర్లిద్దరిలో ఒకాయన తిరిగి వచ్చాడు. ఇరవై ఏళ్ళ పరిచయమున్న ఆయన రాలేదు. పళ్ళావిడ ఆయన మాట ఎత్తదు. ఎవరైనా ఎత్తితే మెరుగుపెట్టే యంత్రం ఆన్ చేస్తుంది, దాని మోతలో మాట వినపడదు.

వాచ్‌మన్ పళ్ళు ఆవిడే కట్టింది. ఆవిడే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అచ్చు తీయించింది. పళ్ళు పెట్టి చూసే రోజు నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఆయనవి కాస్త పసుపు తిరిగిన పళ్ళు. కొత్తవి తెల్లగా ఉంటే అతికించినట్టు కనపడతాయని, రంగు కుదిరేదాకా మూడు జతలు మార్చింది. "'ఈ' అనండి బాబాయ్." ఆయన అన్నాడు. అద్దం చూసుకుని, "బాగున్నాయమ్మా. చూపించుకోడానికే చోటు లేదు," అన్నాడు.

"అదేంటి?"

"పనిలోంచి తీసేశారుగా. గుంపును ఆపలేకపోయానట. పద్దెనిమిదేళ్ళు చేశాను."

ఆవిడ చేతులు తుడుచుకుంది. బల్ల చివరికి వెళ్ళి ఫోను ఎత్తింది. ఆ అధికారి కొత్త కుర్చీ నంబరు ఎక్కడ సంపాదించిందో గానీ, చూడకుండా నొక్కింది. "మీకెందుకమ్మా ఈ..." అని ఆయన మొదలుపెట్టినట్టున్నాడు. "వయసు సంగతి వదిలెయ్యండి సార్," అంది. "ఈసారి వాచ్‌మన్ సంగతి." అవతల పెట్టేశారు. ఆవిడ మళ్ళీ చేసింది. వాచ్‌మన్ నోట్లో కొత్త పళ్ళతో, ఏం చెయ్యాలో తోచక, కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు.

అది మొదలు, రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒకసారి, సాయంత్రం బల్ల తుడిచాక ఒకసారి ఆ నంబరుకు చేసేది. సర్వేయరుకి కబురు తెలిసి తానూ చెయ్యడం మొదలుపెట్టాడు. చీటీల్లో పేర్లున్నవాళ్ళు కొందరు చేశారు. నేనూ చేశాను. ఎవరం తిట్టలేదు, ఆవిడ ఒప్పుకోలేదు. "వాచ్‌మన్‌ని ఎప్పుడు తీసుకుంటారు?" అని అడగడం, పెట్టెయ్యడం, అంతే. నాలుగు నెలలు పట్టింది. చివరికి ఆయన్ని మళ్ళీ తీసుకున్నారు, వెనక గేటుకి.

ముందు గేటుకే వెయ్యాలని ఆవిడ ఇంకా ఫోన్ చేస్తూనే ఉంది.